రెండో గుండిగ ఎప్పుడు ఎక్కించాలి?

(పెళ్లి భోజనాల్లో అన్నం వృథా గురించి, పెళ్లిళ్ల సీజన్‌కు ముందు నల్లగొండలో జరిగిన ఒక సభలో, సంక్షేమ హాస్టల్ వార్డెన్‌గా పనిచేసి రిటైరైన ఒక మహిళ చేసిన ప్రసంగం ఇది. సభికులు అడిగిన ప్రశ్నల్లో మూడింటిని చివర చేర్చాం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న వంట మాస్టర్లకు, వాళ్లతో వచ్చిన అక్కలకు ఇంకో నమస్కారం. ఈ సంగతి మాట్లాడాల్సింది నిజానికి మీరే. మీకు మైకు ఇస్తే పొయ్యి దగ్గర పని ఆగిపోతుందని కాబోలు, నాకు ఇచ్చారు. (నవ్వులు)

నేను ఉద్యోగమంతా హాస్టళ్లలో చేశాను. రోజూ పొద్దున పిల్లల హాజరు తీసుకునేదాన్ని. ఇంటికి పోయినవాళ్లెందరు, జ్వరం వచ్చి పడుకున్నవాళ్లెందరు, ఉన్నవాళ్లెందరు అని లెక్క తేలాకే వంటామెకు బియ్యం తూకం వేసి ఇచ్చేదాన్ని. రెండు వందల మంది తినే చోట అన్నం మిగిలేది చాలా తక్కువ. మేం పుణ్యాత్ములమని కాదు. స్టాకు రిజిస్టరు ఉంటుంది, ఆడిట్ వాళ్లు వస్తారు, కిలో తేడా వచ్చినా సంజాయిషీ రాయాలి. ఇంకో మాట కూడా చెప్పాలి. మూఢం పోయి ముహూర్తాలు మొదలయ్యాయంటే మా హాస్టల్ గేటు ముందు రాత్రి పది దాటాక ఆటోలు ఆగేవి. ఫంక్షన్ హాల్ నుంచి మిగిలిన అన్నం. ‘మేడమ్, పిల్లలకు పెట్టండి, పుణ్యం ఉంటది’ అని గుండిగలు దింపేవాళ్లు. పిల్లలు అప్పటికే తిని పడుకుని ఉండేవాళ్లు. ఆ అన్నం పొద్దున పదకొండింటికి వండింది. మే నెల. నల్లగొండలో నలభై నాలుగు డిగ్రీలు. వద్దంటే దాతకు కోపం, తీసుకుంటే నాకు టెన్షన్.

కాబట్టి ఈ రోజు నేను దానం గురించి మొదలుపెట్టను. మిగిలిన అన్నాన్ని ఎవరికి పంచాలి అన్నది చివరి ప్రశ్న. అంత అన్నం ఎందుకు మిగిలింది అన్నది మొదటి ప్రశ్న. మన సభల్లో ఎప్పుడూ చివరి ప్రశ్న దగ్గరే మొదలుపెట్టి అక్కడే ముగిస్తాం.

ప్రపంచం లెక్క ఒకసారి చూద్దాం, త్వరగానే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఒక నివేదిక ఇచ్చింది. 2022లో ఇళ్లు, హోటళ్లు, దుకాణాలు కలిపి 105 కోట్ల టన్నుల తిండి పారేశాయని అందులో ఉంది. వినియోగదారుల దాకా చేరిన ఆహారంలో అది 19 శాతం. అందులో 60 శాతం ఇళ్లలోనే పోతోంది, 28 శాతం హోటళ్లు, క్యాటరింగుల దగ్గర పోతోంది. మన పెళ్లి ఈ రెండింటిలో ఎక్కడికి వస్తుందో చెప్పడం కష్టం, ఎందుకంటే అది ఇంటి పనే, హోటల్ లెక్కలో జరుగుతుంది. పెళ్లిళ్ల వరకే చూడాలంటే బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు 2012లో ఆ నగరం కల్యాణ మండపాల మీద చేసిన సర్వే ఉంది. ఏడాదికి 943 టన్నుల మంచి ఆహారం అక్కడ వృథా అవుతోందని తేల్చారు. అది ఒక్క ఊరి సంగతి. సరే, పెద్ద అంకెలు వింటే అయ్యో అనిపిస్తుంది కానీ చేయాల్సిన పని మాత్రం కనపడదు. మనం మన ఫంక్షన్ హాల్‌కే పోదాం.

ఒక పెళ్లి అనుకుందాం. వెయ్యి మందికి వంట చెప్పారు. వచ్చి తిన్నది ఆరు వందల యాభై మంది. ఇది నేను భయపెట్టడానికి వేసిన లెక్క కాదు, ఇక్కడున్న మాస్టర్లు తల ఊపుతున్నారు చూడండి. కిలో బియ్యానికి ఎనిమిది మంది అని వేసుకుంటే, రాని మూడు వందల యాభై మంది కోసం దాదాపు 44 కిలోల బియ్యం వండాం. మొన్న 2025 ఉగాదికి మన హుజూర్‌నగర్‌లోనే రేషన్ సన్న బియ్యం మొదలుపెట్టారు కదా, మనిషికి నెలకు ఆరు కిలోలు. ఆ 44 కిలోలు ఏడుగురి నెల రేషన్. అంత బియ్యానికి దగ్గర దగ్గర 66 కిలోల వడ్లు కావాలి. కిలో వడ్లు పండడానికి పొలంలో సగటున 2,500 లీటర్ల నీళ్లు పడతాయని వరి శాస్త్రవేత్తల లెక్క. అంటే లక్షా అరవై వేల లీటర్ల పైమాట. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ముప్పై మూడు. బోరు ఎండిపోయి ట్యాంకర్ కొని వరి కాపాడుకున్న రైతులు ఈ హాల్లో ఉంటే, వాళ్లకు నేను చెప్పేదేం లేదు. కాలువ కింద ఉన్నవాళ్లకు మాత్రం చెప్తున్నాను.

ఇంకో లెక్క. ప్లేటు మూడు వందలు అనుకోండి, ఈ రోజుల్లో అది తక్కువే. మూడు వందల యాభై ప్లేట్లంటే లక్షా ఐదు వేలు. కల్యాణలక్ష్మి కింద ప్రభుత్వం ఇచ్చేది లక్షా నూట పదహారు. ఆ చెక్కు కోసం ఆఫీసు చుట్టూ, నాయకుల చుట్టూ ఎన్నిసార్లు తిరుగుతారో మీకు తెలుసు. అంతకంటే ఎక్కువ డబ్బును అదే పెళ్లిలో రాని మనుషులకు వడ్డించి, హాల్ వెనక పారబోసి వస్తాం.

ఎందుకు ఇలా? జనానికి బుద్ధి లేదనడం తేలిక. నాకలా అనిపించదు. పిల్ల పెళ్లి చేసే తండ్రి రూపాయి రూపాయి చూసి ఖర్చు పెడతాడు. పసుపు కొమ్ముల దగ్గర బేరమాడతాడు. అలాంటి మనిషి లక్ష రూపాయల అన్నం ఎందుకు వదులుకుంటాడు? భయం వల్ల. ‘అన్నం తక్కువైంది’ అనే మాట పడతానేమోనన్న భయం. కూర మిగిలితే నాలుగు రోజులు బాధపడతాం. కూర తక్కువైతే ఆ ఇంటి పేరు మీద ఇరవై ఏళ్లు మాట ఉంటుంది. ‘వాళ్ల పెద్దబిడ్డ లగ్గానికి పోతే మటన్ ఒడిసింది’ అని ఆ బిడ్డ బిడ్డల పెళ్లిలో కూడా చెప్పుకుంటారు. అందుకే ఏడు వందల మంది వస్తారని తెలిసినా ఎనిమిది వందలంటాడు. మాస్టర్ తన పేరు పోకూడదని దానికి ఇంకో వంద కలుపుకుని సరుకుల చీటీ రాస్తాడు. పక్కనున్న బావమరిది ‘దేనికన్నా మంచిది, వెయ్యి పెట్టు’ అంటాడు. ముగ్గురూ మంచి మనసుతోనే అన్నారు. పెంట కుప్ప మాత్రం ముగ్గురిదీ.

ఈ భయానికి మన దగ్గర పాత కారణం కూడా ఉంది. మన తాతల కాలంలో ఈ ప్రాంతం మెట్ట. జొన్న రొట్టె, జొన్న గటక, సజ్జ. వరి అన్నం పండుగకు, పెళ్లికి, దినాలకు. 1967లో సాగర్ నీళ్లు వచ్చాక ఎడమ కాలువ కింద మిర్యాలగూడ వైపు వరి విరిగి పండింది, మిల్లులు వరుసగా లేచాయి. దేవరకొండ, మునుగోడు వైపు నీళ్లకు ఇంకా చాలా ఏళ్లు పట్టింది. పాలమూరు సంగతి మీకు తెలియనిది కాదు. ఊళ్లకు ఊళ్లు వలసపోయిన జిల్లా. కరువు ఏళ్లలో గంజి కేంద్రాలు నడిచిన జిల్లా. అలాంటి చోట పెళ్లిలో వచ్చినవాళ్లందరికీ తెల్లటి అన్నం కడుపు నిండా పెట్టడమంటే అది మామూలు గొప్ప కాదు. ఆ రోజు ఒక పూట ఊరు మొత్తం తిన్నది. ఆ గొప్పతనాన్ని నేను ఎప్పుడూ ఎగతాళి చేయను. అయితే ఆ రోజు గుండిగలో అన్నం మిగిలితే తినే కడుపులు పందిరి బయటే ఉండేవి.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ‘పాతకాలం పెళ్లిళ్లలో మెతుకు కూడా పోయేది కాదు, బంతి భోజనాలు, మోదుగాకు విస్తర్లు, ఎంత బాగుండేది’ అని మీటింగుల్లో చాలామంది చెప్తారు. నిజమే, పోయేది కాదు. ఎందుకు పోయేది కాదో కూడా చెప్పాలి కదా. మొదటి బంతి ఎవరిది? ఆఖరి బంతి ఎవరిది? బంతిలోకే రానివ్వకుండా దొడ్డి దగ్గర గిన్నె పట్టుకుని నిలబడింది ఎవరు? లగ్గం పని అంతా చేసి, డప్పు కొట్టి, బట్టలు ఉతికి, ఐరేని కుండలు, అంటే పెళ్లి కుండలు తెచ్చి, చివరికి మిగిలింది ఇంటికి తీసుకుపోయినవాళ్లు ఉన్నారు. అది వాళ్ల హక్కు అనేవాళ్లు, అవమానం కూడా అదే. దొరల ఇళ్లలో పెళ్లయితే ఊరంతా వెట్టి చేసిన జిల్లా మనది. ఈ రోజు ఆ పిల్లలు చదువుకున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, ఎవరూ గిన్నె పట్టుకుని రారు. రాకూడదు కూడా. మిగిలింది తినడానికి ఎవరో ఒకరు కాచుకుని ఉండాలని మనం కోరుకుంటున్నామంటే, మనలో దొర ఇంకా చావలేదని అర్థం. (చప్పట్లు) చప్పట్లు తర్వాత, ముందు ఇది ఆలోచించండి. తినేవాళ్లు లేనప్పుడు మిగిల్చే వంట ఎందుకు?

పాత పద్ధతిలో నిజంగా తీసుకోదగ్గది ఏదైనా ఉంటే అది పిలుపు. ఇంటింటికీ మనిషి పోయి బొట్టు పెట్టి చెప్పేవాడు. కొన్ని ఇళ్లకు ‘ఇంటికి ఒకరు రండి’ అని. దగ్గరివాళ్లకు ‘ఆ రోజు మీ ఇంట్ల పొయ్యి ముట్టియ్యొద్దు’ అని, అంటే ఇంటిల్లిపాదీ రావాలి. పిలుపులోనే లెక్క ఉండేది. చెప్పి వచ్చిన మనిషి సాయంత్రం అరుగు మీద కూర్చుని, ఏ ఇంటి నుంచి ఎందరు వస్తారో పూస గుచ్చినట్టు చెప్పేవాడు. ఇప్పుడు కార్డు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాం. పదో తరగతి బ్యాచ్ గ్రూపు, ఆఫీసు గ్రూపు, కాలనీ గ్రూపు. రెండు వందల మంది చేతులు జోడించిన బొమ్మ పెడతారు. వస్తారా రారా? ఆ బొమ్మకు అర్థం ఆ దేవుడికే తెలియాలి.

దీనికి తోడు ముహూర్తాల గుంపు. ఆషాఢం పోతే, మూఢం పోతే, పుష్యం పోతే, మిగిలిన మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం లాంటి కొన్ని నెలల మీద అన్ని పెళ్లిళ్లూ పడతాయి. అందులోనూ గట్టి లగ్నం అని ఒక రోజు చెప్తే జిల్లాలో హాలు దొరకదు. ఆ రోజు ఒక్కో ఇంట్లో మూడు నాలుగు కార్డులు ఉంటాయి. ఆ ఇంటాయన పొద్దున నకిరేకల్‌లో అక్షింతలు వేసి, మధ్యాహ్నం చిట్యాలలో చదివింపులు రాయించి, సాయంత్రం రిసెప్షన్‌కు హైదరాబాద్ పోతాడు. తినేది ఒక్కచోటే. ముగ్గురు మాత్రం ఆయన కోసం వండి పెట్టుకున్నారు. క్యాటరింగ్ వాళ్లను అడగండి, ముహూర్తాలు పలచగా ఉన్న రోజు లెక్క సరిగ్గా వస్తుంది, గట్టి లగ్నం రోజే తలకిందులవుతుంది. అలాంటి రోజు పెళ్లి పెట్టుకున్నవాళ్లు వెయ్యి కార్డులు పంచామని వెయ్యి మందికి వంట చెప్పకూడదు. ఈ చిన్న సంగతి గుర్తుపెట్టుకుంటే సగం గండం గడిచినట్టే.

ఐటమ్‌ల సంగతికి వద్దాం. నా పెళ్లిలో పప్పు, వంకాయ, చారు, పెరుగు, పోలెలు. మరునాడు దావత్‌కు బగారా, మటన్. ఇప్పుడు స్టార్టర్ రెండు రకాలు, చాట్ ఒకటి, దోసె కౌంటర్, పుల్కా, నాన్, మూడు కూరలు, రెండు పప్పులు, బిర్యానీ, బగారా, తెల్లన్నం, మూడు స్వీట్లు, ఐస్‌క్రీమ్, పాన్. కడుపు మాత్రం అప్పుడెంతో ఇప్పుడూ అంతే. వెయ్యి మంది పెళ్లిలో ప్రతి ఐటమ్‌నూ వెయ్యి మంది తింటారన్నట్టు వండుతారు. దానికి మళ్లీ శనివారం తిననివాళ్లు, గురువారం సాయిబాబాకు వదిలినవాళ్లు, శ్రావణమాసంలో ముట్టనివాళ్లు, అయ్యప్ప మాలలో ఉన్నవాళ్లు. అందుకని శాకాహారం మొత్తానికీ, మాంసాహారం మొత్తానికీ రెండు పూర్తి లెక్కలు. వెయ్యి మంది వస్తారనుకున్న చోట పద్దెనిమిది వందల భోజనాలు తయారవుతాయి. మటన్ కిలో ఎనిమిది వందల పైమాటే ఉన్న రోజుల్లో!

తలంబ్రాల బియ్యం వృథా అని కొందరు ఉపన్యాసాలు ఇస్తుంటారు. నాకు నవ్వొస్తుంది. రెండు కిలోల పసుపు బియ్యాన్ని పట్టుకుని, వెనకాల పారబోసే రెండు క్వింటాళ్ల బిర్యానీని వదిలేస్తారు. పైగా ఆ మాటలు విని ఇప్పుడు తలంబ్రాలకు థర్మాకోల్ ఉండలు వాడుతున్నారు. బియ్యమైతే పిచ్చుకలైనా తినేవి. ఒడిబియ్యం సంగతి చూడండి, మన ఆడవాళ్ల ఆచారం. పుట్టింటివాళ్లు బిడ్డ ఒడిలో పోసిన బియ్యం ఆమె తీసుకుపోయి, వండి, అయినవాళ్లను పిలిచి పెడుతుంది. గింజ బయటికి పోదు. ఆచారాలను తిట్టేముందు ఏ ఆచారం దగ్గర అన్నం పోతోందో చూడాలి. మైలపోలు దగ్గర పోదు, ఎదుర్కోళ్ల దగ్గర పోదు, పోచమ్మ బోనం దగ్గర అసలే పోదు. ప్లేటు లెక్కన కాంట్రాక్టు మాట్లాడుకున్న చోట పోతుంది. అది ఏ పురోహితుడూ చెప్పిన ఆచారం కాదు.

ఆ కాంట్రాక్టు ఎలా నడుస్తుందో యువకులు తెలుసుకోవాలి. ఇన్ని ప్లేట్లకు తగ్గకుండా డబ్బు కడతానని పెళ్లివాళ్లు ముందే ఒప్పుకుంటారు. జనం తక్కువ వచ్చినా ఆ డబ్బు కట్టాల్సిందే. ఎక్కువ వస్తే ప్లేట్లు లెక్కపెట్టి అదనంగా ఇవ్వాలి. అంటే మిగిలితే క్యాటరింగ్ ఆయనకు నష్టం లేదు, తక్కువైతే ఆయనకు చెడ్డపేరు. ఆయన ఎక్కువ వండక ఏం చేస్తాడు? ఆయన చోట నేనున్నా అదే చేస్తాను. కాబట్టి ఆయన్ని తిట్టకుండా ఒప్పందం మార్చుకోవాలి. ఒప్పుకునే సంఖ్యను మీరు అనుకున్నదాంట్లో ముప్పాతిక వంతుకే పెట్టండి. పైన వచ్చేవాళ్ల కోసం సరుకు హాల్లో ఉంటుంది, వంట మాత్రం అవసరం పడితేనే.

దీన్నే నేను రెండో గుండిగ అంటాను. హాస్టల్‌లో మేం చేసింది ఇదే. బగారా అన్నం ఎంతసేపట్లో అవుతుంది మాస్టర్? (సభ నుంచి: ‘ఎసరు మరుగుతుంటే ముప్పావు గంట’.) ముప్పావు గంట. బియ్యం నానబెట్టుకుని, ఎసరు సిద్ధంగా పెట్టుకుంటే, మొదటి గుండిగ సగానికి వచ్చినప్పుడు గేటు వైపు చూసి రెండోది ఎక్కించాలా వద్దా అని నిర్ణయం చేసుకోవచ్చు. నానిన బియ్యం మిగిలితే ఇడ్లీకో దోసెకో రుబ్బుకోవచ్చు. కడిగి నానబెట్టని బియ్యమైతే బస్తాలోనే ఉంటుంది. పప్పు, చారు, కూరగాయల కూరలు కూడా రెండు విడతల్లో అవుతాయి. మటన్ కాదు, అది నాకు తెలుసు, దానికి టైం పడుతుంది. మటన్‌కు మాత్రం ముందు లెక్కే శరణ్యం. కానీ వృథాలో బరువంతా అన్నానిదే, అన్నాన్ని మన చేతిలో పెట్టుకోవచ్చు.

వడ్డన గురించి రెండు మాటలే. ఒకటి, బఫేలో గంటె చిన్నది పెట్టండి. రెండు, మర్యాద పేరుతో అడగకుండా వేయడం మానండి. ‘అయ్యో, ఏం తింటున్నవ్, ఇంకింత వేసుకో’ అని వద్దన్నా గిన్నె వంచేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. మా మేనమామ ఉండేవాడు. ఆయన బంతిలోకి వస్తున్నాడంటే విస్తరి మీద చేతులు అడ్డం పెట్టుకునేవాళ్లం. (నవ్వులు)

చట్టం తెస్తే? తెచ్చి చూశారు. 1965లో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారు వారానికి ఒక పూట మానమని దేశాన్ని అడిగిన ఆ కరువు రోజుల్లో, చాలా రాష్ట్రాలు అతిథులు ఇంతమందే ఉండాలని ఉత్తర్వులు ఇచ్చాయి. పాకిస్తాన్‌లో 1997లో పెళ్లి భోజనాల మీదే నిషేధం పెట్టారు. అక్కడి పంజాబ్‌లో 2016లో ఒకే వంటకం అని చట్టం చేశారు. మన జమ్ము కశ్మీర్‌లో 2017లో ఆడపిల్ల పెళ్లికి 500 మంది, మగపిల్లాడి పెళ్లికి 400 మంది, ఏడు రకాలకు మించి వండొద్దు అన్నారు. పార్లమెంటులో కూడా అంతకుముందు ఏడాది ఒక సభ్యురాలు ప్రైవేటు బిల్లు తెచ్చారు, పెళ్లి ఖర్చు ఐదు లక్షలు దాటితే పదో వంతు పేదింటి ఆడపిల్లల పెళ్లిళ్లకు ఇవ్వాలని. అది చట్టం కాలేదు. నాకు ఈ దారి మీద పెద్ద నమ్మకం లేదు. గుండిగ దగ్గర పోలీసును నిలబెడితే ఆయనకు కూడా ఒక ప్లేటు కలుస్తుంది. (నవ్వులు) కోవిడ్‌లో మాత్రం చూశాం. 2020లో యాభై మందితోనే పెళ్లి అన్నారు. పిలిచినవాళ్లు ఎవరో పేరు పేరునా తెలుసు కాబట్టి వంట సరిగ్గా సరిపోయింది. ఆ పెళ్లిళ్లు చెల్లలేదా? ఆ జంటలు కాపురం చేయట్లేదా? ఆంక్షలు తీసేయగానే రెట్టింపు కసితో మొదలుపెట్టాం.

ఇక దానం. ఎంత జాగ్రత్తపడ్డా కొంత మిగులుతుంది. ఆకులో, ప్లేటులో ఎంగిలైంది వేరు, గుండిగలో గంటె పెట్టనిది వేరు. రెండోది మాత్రమే పంచదగ్గది. మిగిలిన ఆహారం పంపిణీకి కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2019లో నియమాలు కూడా తెచ్చింది. రాబిన్‌హుడ్ ఆర్మీ లాంటి వాలంటీర్లు కొన్ని నగరాల్లో ఈ పని చేస్తున్నారు. మన చిన్న ఊళ్లలో మీరే చేసుకోవాలి. రాత్రి పదకొండుకు కాదు, మధ్యాహ్నం రెండున్నరకు ఫోన్ చేయండి. ‘ఇంత అన్నం, ఈ కూర, ఇన్నింటికి వండాం, కావాలా?’ అని అడగండి. వద్దంటే కోపం తెచ్చుకోకండి. వండిన అన్నం వేడిగా ఉంటే, అంటే అరవై డిగ్రీల పైన ఉంటే ఇబ్బంది లేదు. గోరువెచ్చగా గంటల తరబడి మూతపెట్టి ఉంచితే అందులో క్రిములు పెరిగి విషం తయారవుతుంది. ఆ విషాల్లో కొన్ని మళ్లీ వేడి చేసినా పోవు. మీ ఇంటి పిల్లలకు పెట్టని అన్నాన్ని హాస్టల్ పిల్లలకు పంపకండి. ఈ ఒక్క మాట నేను ఉద్యోగంలో ఉండగా గట్టిగా చెప్పలేకపోయేదాన్ని, దాతలు పెద్దవాళ్లు. ఇప్పుడు రిటైరయ్యాను కాబట్టి చెప్తున్నాను.

నా మాటలు అయిపోయాయి. ఏమైనా అడగండి.

ఒక పెద్దాయన: అమ్మా, మాది అన్నం పెట్టిన ఇల్లని మా ఊళ్ల పేరుంది. లెక్క చూసి వండుమంటే ఆ పేరు ఏం కావాలె?

జవాబు: బాబాయ్, మీ ఇంటి పేరు నిలబడింది తిన్నవాళ్ల వల్ల. పారబోసింది చూసి ఎవరూ మీకు పేరు పెట్టలేదు. ఇంకో పని మీలాంటివాళ్లే చేయగలరు. ఎవరి పెళ్లిలోనైనా రెండో గుండిగ పది నిమిషాలు ఆలస్యమైతే, ముందు మీరే కుర్చీలో కూర్చుని ‘వస్తది, కూసోండి’ అనండి. పెద్దమనిషి అంత మాటంటే ఆ తండ్రికి భయం పోతుంది. పిన్నవాళ్లు అంటే ఎవరూ వినరు.

ఒక అమ్మాయి (డిగ్రీ విద్యార్థిని): మేడమ్, లెక్కంతా ఆడపెళ్లివాళ్ల చేతిలో ఉందన్నట్టు చెప్పారు. మా అక్క పెళ్లికి అబ్బాయి తరఫువాళ్లు ‘మావాళ్లు ఆరు వందల మంది వస్తరు’ అన్నారు. మూడు బస్సులే వచ్చాయి. మేమేం చేయాలి?

జవాబు: మంచి ప్రశ్న. నేను ముందే చెప్పాల్సిన సంగతి. ఖర్చు ఒకరిది, మనుషుల లెక్క ఇంకొకరిది. అక్కడే చాలా అన్నం పోతుంది. ఆరు వందలన్నది వాళ్ల హోదా చెప్పడానికి వాడిన అంకె. వాళ్లలో ఎవరికీ అది అబద్ధం చెప్పినట్టు కూడా అనిపించదు. కట్నం తీసుకోవడం 1961 నుంచి నేరం. ఈ అంకె కూడా నా దృష్టిలో కట్నంలో ఒక ముక్కే, దాని మీద మాత్రం ఎవరూ కేసు పెట్టరు. ఖాయం చేసుకునే రోజు పెద్దమనుషుల ముందు అడగండి, ఎన్ని బస్సులు, ఎన్ని కార్లు అని. మనుషులు ఎంతమంది అంటే నోటికొచ్చిన అంకె చెప్తారు. బస్సులంటే కిరాయి వాళ్లు కట్టాలి కాబట్టి ఆలోచించి చెప్తారు. పెళ్లికి రెండు రోజుల ముందు మీ మేనమామతో ఫోన్ చేయించి మళ్లీ అడగండి. అప్పుడు ఇంకా తగ్గుతుంది.

వంట పని చేసే ఒక అక్క: మేడమ్, రెండో గుండిగ అంటే మాటనా? పొద్దున నాలుగింటికి వచ్చినం. వంటయినంక మేం పోయేది. ఇంకో మూడు గంటలు పొయ్యి కాడ కూసోవాల్నంటే మా ఇంట్ల పిల్లలకు ఎవరు పెట్టాలె? పైసలు ఎవరిస్తరు?

జవాబు: పెళ్లివాళ్లు ఇవ్వాలి. ఇద్దరు మనుషులు, గ్యాసు, ఇంకో సగం రోజు కూలి. అంతా కలిపి లెక్క వేసినా నలభై కిలోల బియ్యం, దాని మీద పోసిన నూనె, మసాలా ఖర్చు కంటే తక్కువే అవుతుంది. ఇంకోటి, మీరు ఆఖరున తినేసరికి కూర అడుగంటి ఉంటుంది కదా? (సభ నుంచి: ‘కూరేడిది, ఉత్త చారే!’) అందుకని మీ భోజనం మొదటి గుండిగలో నుంచే తీసి పక్కన పెట్టాలి. ఈ రెండూ, ఆగినందుకు కూలి, మీ భోజనం, బయానా తీసుకునే రోజే మాస్టర్‌తో చీటీలో రాయించండి. తర్వాత అడిగితే పెళ్లి హడావుడిలో ఎవరూ వినరు.